మేకు మీద ఇత్తడి బిళ్ళ

పోయిన గురువారం పరదాలకు కొలతలు తీసుకుందామని రవళి వాళ్ళ క్వార్టర్‌కు వెళ్ళాను. వంటింటి కిటికీకి టేపు పట్టి నిలబడ్డానో లేదో, ఓపెన్ కాస్టు బొగ్గుగనిలో రెండున్నర బ్లాస్టింగు పడింది. గోదావరిఖనిలో మాకు అదొక గడియారం, ఎవరమూ ఉలిక్కిపడం. నేల లోపల్నుంచి ఒకసారి కదిలింది. స్టాండులో గిన్నెలు గలగలమన్నాయి. కిటికీ రెక్క టకటకా కొట్టుకుంది. అన్నీ సద్దుమణిగాక, తలుపు వెనక నుంచి సన్నగా, టింగుమని ఒకే ఒక్క చప్పుడు వచ్చింది. ఇత్తడి గోడకు తగిలిన చప్పుడు. నా నోరు నన్నడగకుండానే "పియానో" అనేసింది. ఇటలీ భాషలో 'మెల్లగా' అని. ఇదే వంటింట్లో, ఇదే వేళకు, బ్లాస్టింగు పడ్డప్పుడల్లా ఒకామె గోడ మీద అరచెయ్యి ఆనించి, ఏడ్చే పిల్లను సముదాయిస్తున్నట్టు ఆ మాటే అనేది. "ఏమన్నవక్కా?" అని రవళి అడిగింది. ఏం లేదన్నాను. తలుపు వెనక చూడాల్సిన పని నాకు లేదు. అక్కడొక మేకు ఉంది, ఆ మేకుకు ఒక ఇత్తడి బిళ్ళ ఉంది. రెండేళ్ళ కిందట దాన్ని అక్కడ తగిలించింది నేనే. తీసుకోకుండా పారిపోయిందీ నేనే.

ఈ క్వార్టర్ అప్పుడు రాజేశమన్న వాళ్ళది. బొగ్గుబాయిలో పంపు ఆపరేటర్‌గా చేసేవాడు. ఆయన అక్క సరోజ. వయసుకు మా అమ్మంత అయినా నేను సరోజక్క అనే పిలిచేదాన్ని. పెళ్ళయిన ఏడాదికే మొగుడు పోతే ఆమె కువైట్‌కు ఇంటిపనికి వెళ్ళింది. కుదిరింది ఒక ఇటలీ వాళ్ళింట్లో. చాలా ఏళ్ళకు వాళ్ళు తిరిగి తమ దేశం పోతూ ఆమెను కూడా వెంట తీసుకుపోయారు. అక్కడ కొండ మీద ఒక చిన్న ఊళ్ళో, ఆ ఇంటి ముసలమ్మకు స్నానం చేయిస్తూ, తినిపిస్తూ, నడిపిస్తూ ఇరవై ఏళ్ళు ఉంది. ముసలమ్మ పోయింది, తన మోకాళ్ళూ అరిగాయి, అరవై దాటాక తమ్ముడి దగ్గరికి వచ్చేసింది. మా కాలనీ ఆమెకు మొదటి వారంలోనే 'దుబాయి సరోజ' అని పేరు పెట్టింది. మా దగ్గర విమానం ఎక్కిన వాళ్ళంతా దుబాయి పోయినట్టే. "దుబాయి గాదే తల్లీ, ఇటలీ" అని ఆమె మొదట్లో చెప్పేది. "ఆఁ, అదే. దుబాయి పక్కపొంటే ఉంటదట గద" అనేవాళ్ళు నల్లా దగ్గర ఆడవాళ్ళు. కొన్నాళ్ళకు ఆమె చెప్పడం మానేసింది. ఇరవై ఏళ్ళ బతుకును ఎవరికీ చెప్పుకోలేకపోవడం ఎలా ఉంటుందో నాకప్పుడు తెలియదు. ఇప్పుడు తెలుసు, బాగా తెలుసు.

నేను ఆ లైను చివర అద్దెగదిలో కుట్టుమిషను పెట్టుకుని బతుకుతున్నాను. ఇప్పటికీ అదే గది, అదే మిషను. నా భర్త మట్టి తోలే కాంట్రాక్టరు దగ్గర డ్రైవరు. ఒకరోజు డ్యూటీ దిగి ఇంటికొస్తుంటే రోడ్డు మీద లారీ గుద్ది పోయాడు. పర్మినెంటు కార్మికుడు పోతే ఇంట్లో ఒకరికి ఉద్యోగం అడగొచ్చు. కాంట్రాక్టు మనిషి పోతే పదకొండు రోజులు ఓదార్పు వస్తుంది, పన్నెండో రోజు నుంచి అదీ ఉండదు. పిల్లలు లేరు. ముప్పై ఆరేళ్ళకు నాకు మిగిలినవి ఎవరెవరివో జాకెట్లు, చీర ఫాల్సులు, కిటికీలోంచి వచ్చి తెల్లబట్ట మీద కూర్చునే బొగ్గుదుమ్ము. ఎక్కడికైనా పోవాలనుండేది. ఎక్కడికని అడిగితే చెప్పలేకపోయేదాన్ని.

సరోజక్క నా గదికి మొదటిసారి వచ్చినప్పుడు చేతిలో ఒక పాత ఏప్రన్ ఉంది. వంట చేసేటప్పుడు మెడకు తగిలించుకునేది. "గిట్లాంటిదే ఇంకోటి కుట్టు బిడ్డా. జేబు మాత్రం మంచిగ లోతుగ పెట్టు" అంది. అంత లోతు జేబు ఎందుకని అడిగాను. "ముసలోళ్ళ కండ్లద్దాలు, మందు గోలీలు, కట్టుడు పండ్లు, అన్ని దీంట్లనే వేసుకోవాలె గద" అంది. మరి ఇక్కడ ముసలివాళ్ళు ఎవరున్నారంటే, తనకు కాదంది. ఆ ముసలమ్మ కూతురు జూలియానా ఇప్పుడు తనూ పెద్దదైపోయిందట. భర్త మంచాన పడ్డాడట. చూసుకోవడానికి నమ్మకమైన మనిషి కావాలని ఫోను చేసిందట. "నన్ను రమ్మంటది. నా మోకాళ్ళు రామంటున్నయ్. నువ్వు పోతవా?" అని, జాకెట్ ఎప్పుడిస్తావని అడిగినంత మామూలుగా అడిగింది. నాకు నవ్వొచ్చింది. "నాకు హిందీయే సక్కగ రాదక్కా." "హిందీ ఎవలు అడిగిన్రు నిన్ను? రేపు పన్నెండింటికి వంటకు రా." ఆ రాత్రి గడిచి తెల్లారేసరికి నవ్వు పోయి ఆశ మిగిలింది. ఆశ చెడ్డదంటారు. నిజంగానే చెడ్డది, నన్ను ఏం చేసిందో చెప్తాను.

మర్నాడు వెళ్ళేసరికి వంటింటి తలుపు వెనక కొత్తగా మేకు కొట్టి ఉంది. సరోజక్క కొంగుముడి విప్పి నా అరచేతిలో ఒక ఇత్తడి బిళ్ళ పెట్టింది. అంచులు అరిగి, మీది నంబరు సగం చెరిగిపోయి, చెయ్యి తగిలి తగిలి మెత్తబడిన బిళ్ళ. వాళ్ళ నాయన బాయిలో పనిచేసినప్పటిదట. "మా నాయన ల్యాంపు రూముల ఈ బిళ్ళ ఇచ్చి దీపం తీసుకొని బాయి దిగేటోడు. పైకొచ్చినంక దీపం ఇచ్చి బిళ్ళ తీసుకునేటోడు. బిళ్ళ మేకుకు ఉన్నదంటే మనిషి ఇంక లోపట్నే ఉన్నట్టు. షిఫ్టు అయిపోయినా బిళ్ళ ఉంటే, మనిషి ఏడున్నడని దేవులాడుకుంట పోతరు" అని చెప్పింది. మా మధ్య కూడా అదే రూలంది. వంటింట్లోకి వస్తూ నేను బిళ్ళను మేకుకు తగిలించాలి. అది అక్కడ ఉన్నంతసేపు తెలుగు ముక్క నోటివెంట రాకూడదు. వెళ్ళేటప్పుడు బిళ్ళ తీసుకుని ఇంటికి పోవాలి. "లోపట ఊపిరి ఆడకపోతే ఏం చెయ్యాలక్కా?" అన్నాను. "పైకి రా. కని బిళ్ళ తీసుకొనే రా" అంది.

ఊపిరి ఆడలేదు, నిజమే. ముప్పై ఆరేళ్ళ నాలుక ఎండిన తోలులాంటిది, వంగదు. మొదటి నెల నాకు వచ్చినవి ఉప్పు, నీళ్ళు, బియ్యం, కత్తి, వేడి, చాలు, ఇంకొంచెం. ఇంతే. సాలే, అక్వా, రీజో అని గొణుక్కుంటూ వంకాయలు కోసేదాన్ని. ఆమె నాకు పుస్తకం ఏదీ ఇవ్వలేదు. పేపరు మీద ఒక్క అక్షరం రాయలేదు. తను కూడా చదివి నేర్చుకోలేదు, ముసలమ్మ ఒళ్ళు తోముతూ నేర్చుకుంది. తోటకూర పప్పు చేయడం, బియ్యంలో రాళ్ళు ఏరడం, మోకాళ్ళకు నూనె రాయడం, అన్నీ ఆ భాషలోనే. కొన్నాళ్ళకు ఒక కుర్చీలో తను కూలబడి ముసలమ్మగా మారేది. నేను లేపాలి, చెప్పులు తొడగాలి, విసుక్కుంటే బుజ్జగించాలి. నిజం ముసలివాళ్ళకంటే ఎక్కువ సతాయించేది. అన్నం కింద ఉమ్మేసేది, నా జుట్టు పట్టుకునేది. ఒకసారి నాకు కోపం ఆగక "నీకు దండం పెడ్త, కూసోరాదూ!" అని అరిచాను. ఆమె కుర్చీలోంచే మేకు వైపు వేలు చూపించింది. బిళ్ళ అక్కడే ఉంది. మళ్ళీ మొదట్నుంచి ఆమెను లేపాల్సి వచ్చింది.

ఇంటికి పోతే మిషనుతో మాట్లాడేదాన్ని. బజార్లో టమాటాలు ఏరుతూ పైకే లెక్కపెట్టేదాన్ని, ఊనో, దూయే, త్రే అని. కూరగాయలమ్మే అవ్వ ఒకరోజు గంప వెనక్కి లాక్కుని, "ఏం మంత్రం పెడుతున్నవే నా తక్కెడకు?" అని లొల్లి చేసింది. 'పద్మకు గాలి సోకింది' అని నా గురించి లైనులో అనుకున్నారు. వింటే నవ్వొచ్చేది. ఆ రోజుల్లో నేను నవ్వానంటే నాకే ఆశ్చర్యంగా ఉంటుంది ఇప్పుడు.

ఒక్క మాట దగ్గర మాత్రం ఆమె నన్ను అసలు క్షమించేది కాదు. 'ఓ కపీతో' అంటే 'అర్థమైంది' అని. నాలుగో నెలలో జూలియానాతో మొదటిసారి ఫోనులో మాట్లాడించింది. అవతల ఆమె గడగడా ఏదో చెప్పుకుపోయింది. నాకు పదింటిలో ఒక మాట అందింది. సిగ్గుపడి, ఊరికే ఉంటే బాగుండదని, "ఓ కపీతో, ఓ కపీతో" అంటూ తల ఊపాను. ఫోను పెట్టేశాక సరోజక్క నా వైపు చూసిన చూపు! లేచి మేకు నుంచి బిళ్ళ తీసి నా చేతిలో పెట్టింది. అంటే తెలుగులో తిట్టబోతోందన్నమాట. "ఆమె ఏం చెప్పింది?" అని అడిగింది. జవాబు కూడా తనే చెప్పింది. "మొగనికి ఏ గోలీ ఇయ్యొద్దో చెప్పింది. నువ్వు సమజైందన్నవ్. రేపు ఆ గోలీయే ఇస్తవ్." తర్వాత వాళ్ళ నాయన సంగతి చెప్పింది. ఆయన టింబర్‌మన్, బాయి కప్పుకు దుంగలు ఆనించేవాడు. రాడుతో కప్పును కొట్టి చప్పుడు వింటే గట్టిదో బోలుదో తెలిసేదట. ఒకరోజు పక్కవానికి 'అటు పోకు, బోలు చప్పుడు వస్తుంది' అని అరిచాడు. కన్వేయరు చప్పుడులో వాడికి వినపడలేదు. మళ్ళీ అడగడం నామోషీ అనుకుని చెయ్యెత్తి 'ఆఁ ఆఁ' అన్నాడు. అటే పోయాడు. "మా నాయన సచ్చేదాక అదే అనేటోడు. వాడు సమజ్ కాలేదంటే బతుకుతుండె, సమజైందని సచ్చిండు అని. నిజంగ సమజైతేనే ఆ మాట అను బిడ్డా. లేకుంటే నోరు మూసుకో." అప్పటికప్పుడు తిరిగి ఫోను కలిపి నాతోనే చెప్పించింది, ఇందాక అర్థం కాలేదు, మెల్లగా చెప్పండి అని. జూలియానా నవ్వి మెల్లగా చెప్పింది. ఆ తర్వాత నేను ఆ మాటను ఎప్పుడూ అబద్ధంగా వాడలేదు. అబద్ధం చెప్పాల్సి వచ్చినప్పుడు వేరే మాటలు దొరికాయి.

ఇంకొక సంగతి కూడా చెప్పాలి, లేకపోతే తర్వాతది మీకు తెలియదు. ఆ ముసలమ్మకు ఆఖరి ఏళ్ళలో మతి సరిగా ఉండేది కాదట. కొడుకులు ఆమెను ఏదైనా వృద్ధాశ్రమంలో పెడదామన్నారట. సరోజక్క గుమ్మానికి అడ్డంగా కూర్చుందట. "ఎందుకక్కా, నీకేమైతది ఆమె?" అన్నాను. "ఏం కాదు. కని ఆమె మాటలు నాకొక్కదానికే సమజైతుండె. ముసలోళ్ళ మాట సగం గాలే ఉంటది. దినాం పక్కన ఉన్నోళ్ళకే తెలుస్తది. అక్కడికి తోలితే ఆమె మాట ఎవలు వింటరు? మాట వినేటోళ్ళు లేని కాడ మనిషిని వదిలిపెట్టుడు అంటే బతికుండంగనే బొంద పెట్టినట్టు గాదూ?" ఇది ఆమె తెలుగులో చెప్పింది. నాకు బాగా అర్థం కావాలని బిళ్ళ తీసి మరీ చెప్పింది.

ఏడాదిన్నర గడిచింది. నేను ఇటలీ భాషలో విసుక్కోవడం, బతిమాలడం, దెప్పిపొడవడం నేర్చుకున్నాను. జూలియానాతో అరగంట మాట్లాడినా చెమటలు పట్టేవి కావు. అక్కడి ఆఫీసులో కాగితాలు పెట్టామని ఆమె చెప్పింది. పాస్‌పోర్టు కోసం మంచిర్యాల పోయి ఫోటోలు దిగాను. ఫోటోలో నా ముఖం నాకే కొత్తగా ఉంది. సరోజక్క ఆ ఫోటోను అద్దాలు పెట్టుకుని చూసి, "ఇగ చూడు, పోయే మనిషి ముఖం గిట్లనే ఉంటది" అంది.

మే నెల ఎండల్లో ఆమెకు పక్షవాతం వచ్చింది. వంటింట్లో పొయ్యి ముందు పడి ఉంటే రాజేశమన్న భార్య లక్ష్మి వదిన చూసింది. కరీంనగర్ దవాఖానలో పద్దెనిమిది రోజులు ఉంచారు. ఇంటికి తెచ్చారని తెలిసి పరుగెత్తాను. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మూతి ఒక పక్కకు పోయింది. "మాట పోయిందే పద్మా. ఏదో వాగుతది, ఒక్క ముక్క సమజైతలేదు. ఏదో సోకింది" అని వదిన కళ్ళు ఒత్తుకుంది. తాయెత్తు కట్టించారు. దిష్టి తీశారు. నేను మంచం పక్కన కూర్చున్నాను. సరోజక్క నన్ను చూసి పెదాలు కూడదీసుకుని, "అక్వా" అంది. లేచి నీళ్ళు తెచ్చి చెంచాతో పోశాను. గుటక వేసింది. "ఫ్రెద్దా" అంది. చల్లటి నీళ్ళు కావాలట. కుండలోవి తెచ్చి పోశాను. వదిన నోరు తెరుచుకుని మమ్మల్నిద్దరినీ చూస్తూ నిలబడింది. పద్దెనిమిది రోజులుగా ఆమె దవాఖానలో నీళ్ళు అడుగుతూనే ఉందన్నమాట.

రాజేశమన్న మళ్ళీ కరీంనగర్ పోయి అడిగితే, కొందరికి ఇలా అవుతుందని అక్కడి డాక్టరు చెప్పాడట. పుట్టి పెరిగిన భాష నోటికి రాకుండా పోయి, తర్వాత నేర్చుకున్నది మిగులుతుందట. మనం తెలుగులో అనేది ఆమెకు అర్థమవుతుందా అంటే, కొంత అవుతుండొచ్చు, కాకపోనూ వచ్చు అన్నాడట. ఆ రోజు నుంచి ఆ ఇంట్లో ఆమెకు నోరు నేనే. పొద్దున మిషను ఎక్కేముందు ఒకసారి, మధ్యాహ్నం, సాయంత్రం. బిళ్ళ తగిలించడం, తీసుకోవడం మాత్రం మానలేదు. మానితే ఆమె ఎడమ చేత్తో మంచం పట్టె కొట్టేది. ఒంటికి ఎక్కడ నొప్పో, ఏ పక్కకు తిప్పాలో, ఫ్యాను ఎందుకు వద్దో నేను విని వాళ్ళకు చెప్పేదాన్ని. బ్లాస్టింగు పడ్డప్పుడు ఇద్దరం కలిసి 'పియానో' అనేవాళ్ళం. ఊరంతటికీ గాలిమాటలైనవి నాకొక్కదానికి మాటలు. దానికి నేను గర్వపడ్డాను కూడా. ఎంత సిగ్గులేనిదాన్నో చూడండి.

ఆగస్టులో రాజేశమన్న రిటైర్ కావాలి. రిటైరైతే క్వార్టర్ ఖాళీ చేయాలి. ఇది మా దగ్గర అందరికీ తెలిసిన సంగతే, అయినా ప్రతి ఇంట్లోనూ ఆ నెల వచ్చినప్పుడు పిడుగు పడ్డట్టే ఉంటుంది. మంచిర్యాలలో వదిన వాళ్ళ తమ్ముడి ఇంటి మీద రెండు గదులు చూసుకున్నారు. మెట్లెక్కి పోవాలి. జూలై ఆఖర్లో ఒక మధ్యాహ్నం రాజేశమన్న నన్ను వరండాలో ఆపాడు. ఆ మాట ఈ మాట చెప్పి, కరీంనగర్ అవతల ఒక ఆశ్రమం ఉందన్నాడు. మంచి చోటేనన్నాడు. "కని అక్క ఇష్టం లేకుండ తోలను పద్మా. నన్ను ఎత్తుకొని పెంచింది. ఉంట అంటే తీసుకపోత, మెట్ల మీద మోసుకనే తీసుకపోత. కని ఒక్కటే మాట. ఆమె ఉంటే నువ్వు గూడ మాతోని రావాలె. ఆమె ఏమంటదో మాకు తెల్వదు. దప్పికైతుందో సస్తున్నదో గూడ తెల్వదు. నువ్వు లేకుంట మా తోని కాదు చెల్లె. పోయి అడుగు. నాకు ముఖం చెల్లుతలేదు." ఆయన తువాలు చేతుల్లో పిండుతున్నాడు. మోసం చేసే మనిషి కాదాయన. నిజం చెప్పమనే అడిగాడు.

అప్పటికి మూడు రోజుల కిందటే జూలియానా ఫోను చేసింది. అనుమతి కాగితం వచ్చింది, రెండు నెలల్లో రావాలి. ఆ సంగతి సరోజక్కకు అదే పూట చెప్పాను. ఎడమ చేత్తో నా చెంప తడిమి ఏడ్చింది. రాజేశమన్నకు ఇంకా చెప్పలేదు.

లోపలికి వెళ్ళాను. బిళ్ళను మేకుకు తగిలించాను. మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, తమ్ముడు చెప్పిందంతా ఆమె నేర్పిన మాటల్లోనే ఆమెకు చెప్పాను. ఆశ్రమం అనేసరికి ఆమె ఎడమ చెయ్యి నా మణికట్టును పట్టుకుంది. మంచాన పడ్డ మనిషికి అంత బలం ఉంటుందని నాకు తెలియదు. "నోన్ మందార్మి వియా" అంది. నన్ను పంపించకు. "రెస్తో క్వీ" అంది. ఇక్కడే ఉంటాను. ఇంకోసారి అంది. మూడోసారి కూడా అంది. అర్థం కాకపోవడానికి అందులో ఏమీ లేదు. ఒకటో తరగతి పిల్లకు కూడా అర్థమయ్యే మాటలు. చేతిని విడిపించుకుని వరండాలోకి వచ్చాను. గది నుంచి వరండా దాకా ఎన్ని అడుగులని? ఆరో, ఏడో. ఆ ఏడు అడుగుల్లో నాకు కొండ మీది ఊరు కనపడింది, నా పాస్‌పోర్టు ఫోటో కనపడింది, మంచిర్యాలలో మేడ మీద రెండు గదులు, ఆమె మంచం, దాని పక్కన నా చాప, ఎన్నేళ్ళో తెలియని ఏళ్ళు కనపడ్డాయి. ఆమెకు ఇప్పుడు తెలుగు అర్థం కాదని కూడా అనుకున్నాను. అలా అనుకోవడం నాకు అవసరమైంది.

"ఏమన్నది?" అన్నాడు రాజేశమన్న.

"పోతనంటున్నది అన్నా. మీకు తక్లీఫ్ ఇయ్య అంటున్నది."

ఆయన తువాల్లో ముఖం పెట్టుకుని ఏడ్చాడు. "నాకెర్కే, అక్క గట్లనే అంటది. నా అక్క గట్లాంటిది" అన్నాడు. వరండాకూ గదికీ మధ్య ఉన్నది ఒక కిటికీ. అది తెరిచే ఉంది. ఎప్పుడూ తెరిచే ఉంటుంది.

నేను లోపలికి వచ్చేసరికి సరోజక్క కిటికీ వైపు ముఖం పెట్టి ఉంది. నా అడుగులు విని తల తిప్పింది. కోపంగా చూసిందంటే నాకు బాగుండేది. అరిచి, మంచం పట్టె కొట్టి, తమ్ముడిని పిలిచి, ఏదో ఒకటి చేసి ఉంటే బాగుండేది. నన్ను చాలాసేపు చూసింది. వంకరపోయిన మూతితో, ఒక్కో అక్షరం కూడదీసుకుని, "ఓ కపీతో" అంది. నిజంగా అర్థమైతేనే అనాల్సిన మాట. నేను చెప్పులు కూడా వేసుకోకుండా బయటికి పరుగెత్తాను. నా గది చేరి తలుపు వేసుకున్నాక చూసుకుంటే, చేతిలో బిళ్ళ లేదు.

ఆమె నాతో మాట్లాడిన ఆఖరి మాట అదే. ఆమెను తీసుకుపోయే రోజున నేను వెళ్ళలేదు. లైను చివర నా కిటికీలోంచి వ్యాను పోవడం చూశాను. నెల తర్వాత ధైర్యం చేసి ఆశ్రమానికి పోయాను. శుభ్రంగానే ఉంది, మనుషులు మంచివాళ్ళే. పక్కపక్కన మంచాలు. నన్ను తీసుకెళ్ళినామె, "మూగవ్వనా? గా కిటికి కాడ ఉన్నది సూడుండ్రి" అంది. మూగవ్వ. ఒక్క శబ్దం కూడా చేయదట, ఏమీ అడగదట. "శాన మంచిది. అసలు సతాయించది" అంది ఆమె. నేను పక్కన కూర్చుని, "బువొన్ జోర్నో, సరోజక్కా" అన్నాను. క్షమించమని ఆ భాషలో ఎన్ని రకాలుగా అడగొచ్చో అన్ని రకాలుగా అడిగాను, అవన్నీ ఆమె నేర్పినవే. ఆమె కిటికీ వైపే చూస్తూ ఉంది. కుండ నుంచి నీళ్ళు తెచ్చి చెంచా పెదాలకు ఆనించాను. పెదాలు విప్పలేదు. దీపావళి వెళ్ళాక పోయిందని రాజేశమన్న మంచిర్యాల నుంచి ఫోను చేశాడు. "ఆమె కోరుకున్న కాడనే పోయింది, గదొక్కటే తృప్తి పద్మా" అన్నాడు. ఇప్పటికీ ఆయన అదే నమ్ముతున్నాడు. ఆ నమ్మకాన్ని విరవడానికి నాకు నోరు రాలేదు.

మరి ఇటలీ ఏమైందంటారా? ఆశ్రమానికి పంపిన వారంలోనే జూలియానా ఫోను చేసి, సరోజకు ఫోను ఇవ్వమంది. తన ఇష్టంతోనే ఆశ్రమానికి వెళ్ళిందని ఆ భాషలో కూడా అదే అబద్ధం చెప్పాను. "మా అమ్మను పంపనియ్యకుండా గుమ్మానికి అడ్డం కూర్చున్న మనిషి తనంతట తాను వెళ్ళిందా?" అని మెల్లగా అడిగింది. మెల్లగా, నాకు ప్రతి మాటా అర్థమయ్యేలాగా. నేను ఫోను పెట్టేశాను. ఆమె మళ్ళీ చేసింది, చాలాసార్లు చేసింది. ఎత్తలేదు. ఎత్తితే ఆ ప్రశ్నకు జవాబు చెప్పాలి. కాగితం గడువు దాటిపోయింది. రెంటికీ చెడ్డ రేవడినయ్యాను. ఏ దారి కోసమైతే ఆమెను అమ్ముకున్నానో ఆ దారిన ఒక్క అడుగు వేయలేదు. వెళ్ళి ఉంటే కనీసం అబద్ధానికి ఒక ఫలితమైనా ఉండేది. ఇప్పుడు ఈ ఊళ్ళో ఆ భాష వచ్చింది నాకొక్కదానికే. మిషను తొక్కుతూ, బియ్యం ఏరుతూ అదే మాట్లాడతాను. ఎవరూ జవాబు చెప్పరు. మర్చిపోదామని చూశాను. పిడికెడు మాటలు కూడా పోలేదు. ఆమె అంత గట్టిగా నేర్పింది.

కొలతలు అయ్యాయి. రవళి టీ పెట్టింది. పెళ్ళై ఆరు నెలలు, మొగుడికి కొత్తగా ఉద్యోగం, క్వార్టర్ వచ్చిందని ఆ పిల్ల సంతోషం ఇంతా అంతా కాదు. వడకట్టడానికి తలుపు వెనక నుంచి టీ జల్లెడ తీసింది. ఆ మేకుకే తగిలిస్తోంది, బిళ్ళ మీదనే.

"ఇదేందో అక్కా, మేము వచ్చినప్పటిసంది ఉన్నది. బ్లాస్టింగ్ పడ్డప్పుడల్లా టింగుమంటది. తీసి పారేద్దామనుకుంటున్న. నీకేమన్న ఎర్కనా?"

లేచి దగ్గరికి వెళ్ళాను. వేలితో తాకాను. నంబరు ఇంకా సగమే ఉంది. తీసుకుని కొంగున ముడేసుకుంటే ఎవరూ వద్దనరు. నాదేనని చెప్తే ఆ పిల్ల సంతోషంగా ఇచ్చేస్తుంది.

"ఉండనియ్యి చెల్లె" అన్నాను. "మనిషి ఇంక పైకి రాలె."

రవళికి అర్థం కాలేదు. అయినా తల ఊపి, "ఆఁ, సరే అక్కా" అంది.